ఆరవ వంతు

కొండను చూచి, ఇది కదలనిది, మారనిది అని తలంచుట మానవ స్వభావము. మోషే ప్రార్థనగా పేరొందిన 90వ కీర్తన అట్లు తలంచలేదు. పర్వతములకును పుట్టుక కలదని అది యెరుగును.

అంటార్కిటికా ఖండమును తూర్పు పడమర భాగములుగా విడదీయుచు సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున ఒక పర్వతశ్రేణి కలదు. దానికి ట్రాన్సంటార్కిటిక్ పర్వతములని పేరు. అందలి కిర్క్‌పాట్రిక్ శిఖరము 4,500 మీటర్లకు మించిన ఎత్తు గలది. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువమునుండి తిరిగి వచ్చుచున్న కెప్టెన్ స్కాట్ బృందము, ఆ కొండల నడుమనున్న బియర్డ్‌మోర్ హిమానీనదము చెంత ఆగెను. వారిలో ఎడ్వర్డ్ విల్సన్ అను వైద్యుడు ప్రార్థనాపరుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడును. ఆకలిచేతను చలిచేతను కృశించియు వారు సుమారు 16 కిలోల రాళ్లను ఏరి తమ బండిపై వేసికొనిరి. ఆ నవంబరులో గుడారమందు విల్సన్, స్కాట్, బోవర్స్‌ల మృతదేహములు కనబడినప్పుడు ఆ రాళ్లును అచ్చటనే దొరికెను. చావు ఎదుటనున్నను వారు వాటిని పారవేయలేదు.

ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ అను వృక్షజాతి ఆకుల ముద్రలుండెను. నాలుక ఆకారముగల ఈ ఆకులే గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు పొరలలోను కనబడును. ఆ చెట్లు పెరిగిన కాలమున భారతదేశమును అంటార్కిటికాయు గోండ్వానా అను ఒకే మహాఖండమున చేరియుండెను. నదులు పారిన పల్లపు నేల అది. నేడు అది మంచు శిఖరము!

దానిని లేవనెత్తినదేమి? సుమారు అయిదున్నర కోట్ల సంవత్సరముల క్రితము మొదలుకొని, పడమటి వైపున భూపటలము సాగి పలుచబడి క్రుంగగా, దాని అంచు పైకి లేచెను. పిమ్మట హిమానీనదములు లోయలను లోతుగా కోసెను. మంచు అంతటను ఒకే రీతిగా కోయదు. కదలు మంచు రాతిని చెక్కివేయును. రాతికి గడ్డకట్టి అంటుకొనిన మంచు దానిని కాపాడును. భూపటలమో, తనకంటె బరువైన లోపలి శిలపై పడవవలె తేలుచుండును. సరుకు దింపిన పడవ పైకి తేలునట్లు, లోయల రాయి పోయినకొలది ఆ ప్రదేశమంతయు లేచును. కోతకు చిక్కని శిఖరములు మునుపటికంటె ఉన్నతములగును. నేటి శిఖరముల ఎత్తులో కొంత భాగము ఈ కోతవలన కలిగినదే.

ఇది విన్న ప్రసంగీకుడు వెంటనే, "చూడుడి, నష్టమే మనలను లేవనెత్తును" అనుటకు త్వరపడును. అతడు లెక్కను కడవరకు చూడవలెను. విశాలమైన ప్రదేశమునుండి సగటున 6 మీటర్ల రాయి కొట్టుకొనిపోయినయెడల, తిరిగి లేచునది సుమారు 5 మీటర్లే. ఆరవ వంతు పోయినది పోయినట్టే. శిఖరములు లేచినను ఆ దేశపు సగటు ఎత్తు తగ్గును.

ప్రియ చదువరులారా, బిడ్డను పాతిపెట్టిన తల్లియొద్దకు వెళ్లి, జరిగినదంతయు మేలేయని చెప్పువారు, రాయి చెప్పినదానికంటె ఎక్కువ చెప్పుచున్నారు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలను మౌనముగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. యోబుకు మరల పదిమంది పిల్లలు కలిగిరి గాని, మొదటి పదిమంది తిరిగి వచ్చిరని గ్రంథము ఎక్కడను చెప్పదు. ఆ పది సమాధులను కప్పిపెట్టి రెండంతలైన గొఱ్ఱెలను, ఒంటెలను లెక్కించి చూపు ఓదార్పు చాల చౌకయైనది.

ఆ అయిదు వంతులును వెంటనే వచ్చునవి కావు. ఉత్తరార్ధగోళమున, స్వీడను దేశపు ఉత్తర తీరమును ఒకప్పుడు గొప్ప మంచుపలక అణచియుండెను. అది కరిగి సుమారు 10,000 సంవత్సరములైనను, ఆ నేల ఇప్పటికిని ఏటికి ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున లేచుచునే యున్నది. సంవత్సరము తిరుగకమునుపే, ఆ తల్లి ఇంకను ఏడ్చుచున్నదేమని సంఘములో గుసగుసలాడువారున్నారు.