సగాలో లేని చుట్టం

మనిషికి చుట్టాలు రెండు రకాలు. పుట్టుకతో వచ్చేవారు కొందరు, మనం కలుపుకున్నవారు కొందరు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలున్నాయి. ఎవరు మనకు అన్నదమ్ములవుతారో, ఎవరితో వియ్యమందుకోవచ్చో సగా చెబుతుంది. చనిపోయినా ఆ బంధం తెగదు. కర్మ జరిపించి, పోయినవారిని పెర్సాపేన్ దగ్గర పెద్దల్లో కలుపుకుంటాం. మరి స్నేహితుని సంగతేమిటి? అతడు మన సగాలో లేడు. అతని కోసం కర్మ చేయాలని ఏ ఆచారమూ చెప్పదు. అయినా పాత స్నేహం చావుతో ఆగదని అంటాం. ఆ మాటలో నిజమెంత?

దీనికి జవాబు మార్లవాయిలో వెతుకుదాం. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కుమ్రం భీంను కాల్చి చంపారు. ఆ తరువాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఊరివాళ్ల మధ్యనే ఉన్నారు. భూమి పట్టాలు ఇప్పించడానికి ఆయన కృషి చేశారు. 1943లో గోండు యువకుల కోసం అక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. ఈ నేల మీద పాఠం చెప్పే మాలాంటి వాళ్లందరికీ తొలి మెట్టు అదే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. భీంను చంపిన ప్రభుత్వమే పంపిన మనిషిని స్నేహితుడు అనవచ్చా? చదువుకున్న మన పిల్లలు ఈ మాట అడుగుతున్నారు. అడగాలి కూడా. ఉద్యోగం మీద వచ్చినవాణ్ణి వచ్చినందుకే స్నేహితుడు అనలేం. కానీ ఆయన 1970ల చివరలో మళ్లీ వచ్చారు. అప్పటికి నిజామూ లేడు, ఆ ఉద్యోగమూ లేదు. తన కాలంలో గోండులకు దక్కిన భూములు ఎన్నో గిరిజనేతరుల చేతుల్లోకి పోయి ఉన్నాయి. తన పని గొప్పగా సాగిందని చెప్పుకుని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. జరిగిన అన్యాయాన్ని 1982లో వచ్చిన పుస్తకంలో దాచకుండా రాశారు. మిత్రుని ఇంట్లో పొయ్యి ఆరిపోతే చూసి పక్కకు తప్పుకోనివాడే పాత స్నేహితుడు.

బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోయారు. ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఇప్పుడు ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఏటా జనవరి 11న జనం అక్కడ చేరి వారిని తలుచుకుంటారు. ఇలా వచ్చేవారిలో చాలామంది వారిని కళ్లారా చూడనివారే. తాతలు చెప్పగా విన్నవారు. సగావారికి చేసే కర్మ మన బాధ్యత, చేయకపోతే నలుగురూ అడుగుతారు. స్నేహితునికి చేసేది ఎవరూ అడగని కర్మ. అడగకపోయినా తరం తరువాత తరం చేస్తూ వస్తున్నారే, ఆత్మబంధం అంటే అదే. ఎవరో ఒకరు మోస్తున్నంత కాలమే అది బతుకుతుంది. మోసేవారు లేకపోతే, అది ఎంత గాఢమైన ప్రేమైనా మట్టిలో కలిసిపోతుంది.

ఆశ్రమ పాఠశాలల్లో ఒకే కంచం దగ్గర తిని, ఒకే దుప్పటి కప్పుకుని పెరిగినవాళ్లం మనం. పదో తరగతి దాటగానే తలోదారి. ఫోనులో పండుగ శుభాకాంక్షలు పంపితే స్నేహం నిలిచినట్టు కాదు. స్నేహితుని తండ్రి పోతే ఆ ఊరికి నడిచి వెళ్లామా? అతని భూమికి చిక్కు వస్తే పక్కన నిలబడ్డామా? అతను పోయాక, అతని పిల్లలకు వాళ్ల నాన్న ఎలాంటివాడో చెప్పామా?

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ ఏడాది పిల్లలకు ఒక ఇంటిపని ఇద్దాం. మీ తాతకు ప్రాణస్నేహితుడు ఎవరు, ఆ ఇంటివాళ్లు ఇప్పుడు ఏ గూడెంలో ఉన్నారు, అడిగి రండి అని. పేరు తెలిసిన పిల్లవాడు సెలవుల్లో ఆ గడప తొక్కుతాడు. తాతల స్నేహం అక్కడ మళ్లీ మొదలవుతుంది.