దానమునకు దేహశ్రమ యేల?

ధర్మకార్యమునకు ధనము కావలెనని యొకడు మన గుమ్మమునకు వచ్చి నేరుగా నడిగినయెడల, మనలో ననేకులు "చూతము లెండు" అని తలుపు దగ్గఱకు వేయుదురు. ఆ మనుష్యుడే మఱునాడు వచ్చి "అయ్యా, నేను అయిదువందల మైళ్లు సైకిలు త్రొక్కెదను, నా శ్రమను జూచి ఆ రోగులకు మీకు తోచినంత యిండు" అన్నచో, అదే చేయి జేబులోనికి పోవును. మొదటి దినమునను రోగి రోగియే, రెండవ దినమునను రోగియే. మందు వెల తగ్గలేదు, పెరుగలేదు. మాఱిన దొక్కటియే: రోగికిని దాతకును నడుమ మూడవవా డొకడు తన తొడలు పట్టివేయునట్లు శ్రమపడుటకు సిద్ధపడినాడు. వాని తొడనొప్పికిని, ఆసుపత్రిలోని శిశువు మందునకును గల సంబంధ మెట్టిది? వాడు పడిన కష్టము దానములో నొక భాగమా? లేక దాతలను రంజింపజేయు గారడియా?

ఈ యాచారము మనకు క్రొత్తగా దోచినను, పాశ్చాత్య దేశములయందు వేరూని యర్ధశతాబ్ది యగుచున్నది. లండను నగరమునుండి సముద్రతీరమందలి బ్రైటనువఱకు 54 మైళ్లు సైకిళ్లపై పోవు ప్రయాణము 1976 లో నారంభమైనది. హృద్రోగ పరిశోధనకు ధనము గూర్చు సంస్థ యొకటి తరువాత దానిని జేపట్టినది. బ్రైటను చేరుటకు ముందు డిచ్‌లింగ్ బీకన్ అను నిటారైన గుట్ట యడ్డుపడును. అచ్చట ననేకులు దిగి సైకిలును చేతితో నడిపించుకొని పోవుదురు. 1980 లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, క్యాన్సరు వ్యాధిచే తల్లిని గోల్పోయిన బిల్లీ స్టార్ అను యువకుడు 36 మందిని గూడగట్టి, రాష్ట్రమున కడ్డముగా సముద్రపు కొనవఱకు సైకిళ్లు త్రొక్కించి, 10,200 డాలర్లు ప్రోగుచేసి బోస్టనులోని డేనా-ఫార్బర్ క్యాన్సరు సంస్థ కిచ్చెను. అదియే నేడు పాన్-మాస్ ఛాలెంజ్ అను పేర ఏటేట వేలకొలది జనులు పాల్గొను యాత్రయై, ఇంతవఱకు మొత్తముమీద నూఱుకోట్ల డాలర్లకు మించి యా సంస్థకు సమకూర్చినది. నూఱుకోట్ల డాలర్లను గారడి యని త్రోసివేయుట సులభము కాదు. కనుక ప్రశ్నను కొంచెము నిదానముగా విచారింపవలసియున్నది.

మనుష్యుడు లాభనష్టములను గణించుకొను ప్రాణి యనియు, ఒకే ఫలమునకు రెండు మార్గములున్నచో సులభమైనదానినే యెన్నుకొనుననియు అర్థశాస్త్రజ్ఞులు మనకు నేర్పిరి. దీనికి విరుద్ధమైన సంగతిని క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ అను నిద్దఱు పండితులు 2013 లో ప్రకటించిరి. తాము నొప్పియు శ్రమయు పడి యొక ధర్మకార్యమునకు సాయపడవలసి యుండునని తలచినప్పుడు, సుఖముగా గూర్చుండి యిచ్చునప్పటికంటె జనులు హెచ్చుగా నిచ్చుటకు సిద్ధపడుదురని వారి పరిశోధనలలో దేలినది. వన భోజనము పెట్టి చందా యడుగుటకంటె, పరుగెత్తించి చందా యడుగుట మేలన్నమాట! మనుష్యుల బాధను దీర్చు కార్యములయం దీ స్వభావము ప్రబలముగా నుండుననియు, వినోదమునకై కట్టు ఉద్యానవనముల వంటివానియందు సన్నగిలుననియు గూడ వారు కనుగొనిరి. బాధకు బాధయే తగిన కానుక యని మనస్సులో నెక్కడనో యొక మూల మన మందఱము నమ్ముచున్నాము కాబోలు.

మన పెద్దమ్మల కీ సంగతి తెలియుటకు పరిశోధనశాల యక్కఱలేకపోయినది. తిరుమలకు బస్సులు పోవుచునే యున్నవి. అయినను మ్రొక్కుకొన్నవారు అలిపిరి దగ్గఱ చెప్పులు విడిచి, మూడువేల అయిదువందలకు పైబడిన మెట్లెక్కుచు, మోకాళ్లపర్వతము వచ్చినంతనే మోకాళ్లపై ప్రాకుదురు. బస్సులో వచ్చినవానికిని, ప్రాకి వచ్చినవానికిని దర్శనమిచ్చు దేవు డొక్కడే. ఈ మాట వారితో నని చూడుడు, నవ్వి యూరకుందురు. కష్టపడి యెక్కిన కొండ తమదైనట్లును, బస్సులో నెక్కిన కొండ బస్సుదైనట్లును వారికి దోచును.

కాని మ్రొక్కునకును దానమునకును భేదము కలదు. మ్రొక్కు భక్తునికిని దేవునికిని నడుమ గల లెక్క. అందు మూడవవాని యాకలి చేరదు. దానము నందు మూడవవాని యాకలియే ప్రధానము. మన పురాణములలో దానమునకై బాధపడిన మహనీయులను దలచుకొందము. రంతిదేవుడు నలువదియెనిమిది దినము లుపవసించి, నోటి దగ్గఱకు వచ్చిన యన్నమును వచ్చినవారి కెల్ల బెట్టి, మిగిలిన గ్రుక్కెడు నీటిని గూడ దప్పిగొన్న యంత్యజునకు బోసెను. శిబి పావురమునకు మాఱుగా దన తొడమాంసమును గోసి త్రాసులో వేసెను. వీరి బాధ దానమునకు నీడవంటిది, ఇచ్చుటవలన గలిగినది. రంతిదేవుని దప్పి యెంతయో, దప్పి తీఱినవాని తృప్తి యంత. సైకిలు త్రొక్కువాని బాధ యట్టిది కాదు. వాని చెమట యెవ్వరి దాహమును దీర్చదు. వాని తొడ బరువు ఏ త్రాసునను దూగదు. అది యిచ్చుటవలన గలిగిన బాధ కాదు. ఇప్పించుటకై ముందుగా గల్పించుకొన్న బాధ.

గీత పదునేడవ యధ్యాయమున తపస్సును మూడు విధములుగా విభజించిన సంగతి చదువరులెఱుగుదురు. మన్ననకొఱకు, పూజకొఱకు చేయు తపస్సు రాజసము. మూర్ఖపు పట్టుదలతో దన దేహమును దానే హింసించుకొనుట తామసము. ఈ కొలతతో గొలిచినచో నేటి సైకిలు యాత్రలలో ననేకము రాజసములే యగును. నలుగురి మెప్పు లేనిచో నెందఱు బయలుదేఱుదురు? అట్లని యీ కొలతతోనే తీర్పు చెప్పివేయుటకు నాకు మన సొప్పదు. గీతలో విచారించునది చేయువాని యంతఃకరణమును. ఇక్కడ రోగి యొకడు మంచముపై నున్నాడు. రాజసమైన ధనముతో గొన్న మందు గూడ వ్యాధిని గుదుర్చును గదా!

క్రిందటి సంవత్సరము నా పూర్వశిష్యు డొకడు, ఇప్పుడు హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నవాడు, పిల్లల వైద్యమునకై నలుగురు స్నేహితులతో గలిసి వారము దినములు సైకిలు యాత్ర చేయనున్నాననియు, నన్నును చందా వేయుమనియు జాబు వ్రాసెను. నా భార్య ఆ జాబు చదివి "మాస్టారిగారి శిష్యుడు గదా, తర్కము తెలియదా? ఆ వారము దినములు కచేరికి బోయి, వచ్చిన జీతము నాసుపత్రికి బంపిన సరిపోదా? మోకాళ్లకు నూనె ఖర్చయినను మిగులును" అన్నది. చాలసే పాలోచించితిని, ఈ యాక్షేపణము బలమైనది. దీనికి సమాధానము ధనములో గాక, అడుగుటలో నున్నదని నాకు దోచినది. జీత మిచ్చినవాని దొక్కచేయి. యాత్ర చేసినవాడు నూఱు చేతులను దెఱపించును. మఱి జీత మిచ్చి, ఆ మాట చెప్పి, నూఱుమందిని అడుగరాదా? అడుగలేడు. మన దేశమున యాచన యెంత సిగ్గుపడదగిన పనియో వేఱుగ జెప్ప నక్కఱలేదు. తనకొఱకు గాక పరులకొఱకు యాచించువానిని గూడ "ఇందులో వీని వాటా యెంత?" అను చూపుతో జూచు లోకమిది. అట్టి చూపు నెదుర్కొనుటకు వానికొక హామీ కావలెను. "నేనును నా చేతనైనది పెట్టితిని, ఇదిగో నా వారము దినముల కష్టము, మీరు మీది పెట్టుడు" అనగలుగుటయే యా హామీ. కష్టము దానము కాదు; దాన మడుగుటకు వలయు నర్హత.

దీనికి మన తెలుగు నేలమీదనే గొప్ప నిదర్శన మున్నది. వినోబా భావే 1951 లో వార్ధా ప్రాంతమునుండి హైదరాబాదు దగ్గఱి శివరాంపల్లి సభకు నడచివచ్చి, తరువాత తెలంగాణపు పల్లెలలో నడచుచు ఏప్రిలు 18 వ తేదీని పోచంపల్లి చేరెను. ఆ యూరి దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలెననిరి. వినోబా సభలో నా మాట చెప్పగా వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరము లిత్తుననెను. భూదానోద్యమ మట్లు పుట్టినది. వినోబా కారులో దిగి యదే మాట యడిగియుండినచో ఆ సభలో నెవరైన లేచియుందురా? చెప్పజాలము. కాని దుమ్ముకొట్టుకొన్న కాళ్లతో వచ్చినవాని మాట చెవికి వేఱుగా వినబడును. అయినను ఆయన నడక వేడుక కాదు. పల్లెకు బోవుటకు, పల్లెలో బ్రతుకు చూచుటకు నడచెను. ఆ నడకకు లొంగి యిచ్చిన భూములలో జాల భాగము రాళ్లగుట్టలుగను, తగవులలోని భూములుగను తేలి, పేదలకు జేరకయే పోయినదనుట గూడ చరిత్రయే. అడిగినవాని యర్హత, ఇచ్చినవాని చిత్తశుద్ధికి బూటగా నిలువలేదు.

అర్హత యన్నపిమ్మట దానిని బరీక్షించు హక్కు గూడ దాతకు గలదు. ఇక్కడ నేను కొంచెము కఠినుడను. ప్రయాణపు ఖర్చు లెవరు భరించుచున్నారు? కాలిఫోర్నియాలో ఎయిడ్స్ రోగుల కొఱకు 1994 లో నారంభమైన యాత్రను దలచుకొందము. శాన్‌ఫ్రాన్సిస్కోనుండి లాసేంజిలిసువఱకు ఏడు దినముల ప్రయాణము. రోగులను ముట్టుటకు సైతము జనులు జంకుచున్న ఆ దినములలో వేలకొలదిమంది వారి పేర వీథులలోనికి వచ్చుటయే గొప్ప సంగతి. డాన్ పలొట్టా అను నతడు వ్యాపారసంస్థ యొకటి పెట్టి దీనిని, ఇటువంటి మఱికొన్నింటిని నడపెను. గుడారములు, వంటశాలలు, ప్రకటనలు - వీనికై వసూలైన ధనములో జాల భాగము పోవుచున్నదని నింద పుట్టినది. 2002 లో నా సంస్థ మూతపడెను. రోగులకు సేవచేయు సంస్థలే ఆ సంవత్సరమునుండి వేఱొక పేర యాత్రను నడపుకొని, ఖర్చులు పెరిగి, పాల్గొనువారు తగ్గుటచే 2025 జూనులో దానిని ముగించినవి. పలొట్టా తరువాత నొక గ్రంథమే వ్రాసి తన పక్షమును సమర్థించుకొనెను: రూపాయిలో నెంత ఖర్చైనదని కాక, కడపట రోగుల కెంత చేరినదని చూడవలెనని యాతని వాదము. ఇందు సగము న్యాయమున్నది. విత్తనము చల్లక పంట రాదు. కాని తక్కిన సగమును దాతకు జెప్పవలసియున్నది. "ఇతని కష్టమును జూచి యిచ్చితిని" అనుకొన్నవాడు, తన ధనము ఇతని గుడారమునకును భోజనమునకును బోయినదని తరువాత దెలిసికొన్నచో, వానికి గలుగు నొచ్చుబాటు చిన్నది కాదు. పాన్-మాస్ వారు ఈ ముల్లును ముందే తీసివేసిరి. ప్రవేశరుసుములతోను, వ్యాపారుల సాయముతోను ఖర్చులు గడపి, త్రొక్కువారు తెచ్చిన ధనమునెల్ల నాసుపత్రికే చేర్చుచున్నారు. నా శిష్యునికి నేను వ్రాసిన జాబులో మొదటి ప్రశ్న యిదియే: "నాయనా, టైర్లెవరి సొమ్ము?" వాడు నొచ్చుకొనలేదు, తమ ఖర్చు లన్నియు తామే పెట్టుకొనుచున్నామని లెక్కతో సహా వ్రాసెను. మా యింటిలో నా లెక్కను నాకంటె నిశితముగా జూచినది నా భార్య. చందా పంపుటకు నాకంటె ముందొప్పుకొన్నదియు నామెయే.

మఱియొక సంగతి నన్ను బాధించుచుండును. యాత్ర ముగిసిన తరువాత కొందఱు "రోగులు పడు బాధ మాకిప్పుడు దెలిసినది" అని చెప్పుదురు. ఇది సత్యము కాదు. ఎదురుగాలిలో త్రొక్కువాడు ఎప్పుడు కావలసిన నప్పుడు దిగవచ్చును. చెట్టుక్రింద గూర్చుండి మజ్జిగ త్రాగవచ్చును. తన నొప్పికి దినమును, గమ్యమును దానే నిర్ణయించుకొన్నాడు. మంచముపై నున్న పిల్లవానికి దిగుటకు సైకిలు లేదు, కడపటి మైలురాయి యెక్కడనో తెలియదు. ఆ రెండు బాధలను ఒక గాటను గట్టినయెడల, పెద్దబాధ కనబడకుండ బోయి, చిన్నబాధ ఛాయాపటములలో నిలుచును. మెడలో దండతో నిలుచున్న యువకుని పటము చూచి మనము పొంగిపోవుదుము; ఏ యాసుపత్రికి, ఏ వ్యాధికి, ఎన్ని మంచములకు ఆ ధనము పోయినదని యడుగుటే మఱతుము.

మైలున కింత యని చందా వ్రాసికొను పద్ధతి యొకటి కలదు. పిల్లల కుత్సాహము గలిగించుటకు మంచిదే. కాని విచారించి చూడుడు: నాలుగువందల మైలువద్ద వాని మోకాలు పట్టివేసినచో, మిగిలిన నూఱు మైళ్ల సొమ్ము రోగికి దక్కదు. మోకాలు వానిది, శిక్ష రోగిది! కెనడా దేశపు టెర్రీ ఫాక్సు కథ యిక్కడ జ్ఞప్తికి వచ్చును. అతడు సైకిలుపై బోలేదు. క్యాన్సరుచే కుడికాలు పోగొట్టుకొని, కృత్రిమమైన కాలితో 1980 ఏప్రిలు 12 వ తేదీని దేశపు తూర్పుకొననుండి పరుగు మొదలుపెట్టెను. చేరవలసినది పడమటి సముద్రము; కోరినది దేశమున దలకొక డాలరు. 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, వ్యాధి యూపిరితిత్తులకు బ్రాకగా థండర్ బే యను నూరి సమీపమున నిలిచిపోయెను. పడమటి సముద్ర మింకను బహుదూరమున నుండెను. ఆ దేశపు జనులు మిగిలిన మైళ్ల లెక్క యడుగలేదు. 1981 ఫిబ్రవరి నాటికి రెండుకోట్ల నలువది లక్షల డాలర్లు దాటి, దేశమున దలకొక డాలరు చొప్పున వసూలైనది. ఆ సంవత్సరము జూనులో నతడు మరణించెను.