రెండు వాటాల పడవ

అనగనగా గోవాలో, మాండవి నది ఒడ్డున ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోతూ వాళ్లకి 26 అడుగుల పాత తెరచాప పడవ వదిలిపెట్టాడు. పొలమైతే గట్టు వేసి పంచుకోవచ్చు. పడవను ఎలా పంచుకోవడం? ఆలోచించి ఆలోచించి, లోపలి క్యాబిన్‌నైనా పంచుకుందామనుకున్నారు. మధ్యనున్న నడవ హద్దు. ఎడమవైపు పడుకునే బల్ల, దాని కింది అరలు, పైనున్న అలమర అన్నవి. కుడివైపువి తమ్ముడివి.

అన్న ముందుచూపున్న మనిషి. "నడిసముద్రంలో కొట్టు ఉండదురా" అనేవాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. తిండి డబ్బాలు అట్టపెట్టెలతో సహా తెచ్చి పేర్చాడు. బియ్యం, తాళ్లు, రంగు డబ్బాలు, పంపు విడిభాగాలు, తండ్రి వాడిన చిరుగుల తెరచాప, అన్నీ కుక్కాడు. ఎక్కడ కాస్త సందు కనబడినా అక్కడ ప్లైవుడ్‌తో ఇంకో పెట్టె కొట్టించాడు. బల్ల కింద ఒక మూల సముద్రపు నీళ్లు లోపలికి తెచ్చే గొట్టం, దాన్ని మూసే సీకాక్ ఉన్నాయి. వాటి ముందు కూడా పెట్టెలు చేరాయి.

తమ్ముడు తన వాటాను మొదట పూర్తిగా ఖాళీ చేశాడు. అరల లోపలంతా మంచినీళ్లతో కడిగాడు. ఉప్పు పట్టిన చెక్క గానీ గుడ్డ గానీ ఎంత ఎండబెట్టినా మళ్లీ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఉప్పు వదిలితేనే చెమ్మ వదులుతుంది. బూజును వెనిగర్‌తో తుడిచాడు. మూలల్లో మురికి ఇరుక్కోకుండా ఎపాక్సీ పూసి గుండ్రంగా నునుపు చేశాడు. చుక్క నీరు కారినా కనబడాలని తెల్లరంగు వేశాడు. పడవ గోడకీ సామానుకీ మధ్య గాలి ఆడేలా సన్నని చెక్కబద్దలు బిగించి, తలుపులకు పైనా కిందా చిల్లులు తీశాడు. ఇంతా చేసి ఆ అరల్లో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి పెట్టుకుని ఊరుకున్నాడు.

"అంత చోటు దండగ చేస్తున్నావురా."

"ఉండనీ అన్నయ్యా, దానికేం పని పడుతుందో."

వానాకాలం వచ్చింది. అట్టపెట్టెల మడతల్లో కొట్టు నుంచే వచ్చిన బొద్దింక గుడ్లు పిల్లలయ్యాయి. పురుగులు హద్దు దాటి తమ్ముడి బట్టల్లో చేరాయి. బూజు వాసనా అంతే. బరువంతా ఒకవైపే ఉండటంతో పడవ ఎడమకు ఒరిగింది. దాన్ని సరిచేయడానికి తమ్ముడు ఒక అర నిండా నీళ్ల క్యాన్లు పెట్టాల్సి వచ్చింది. పంచుకున్నది అరలనే. ఇద్దరి సామాను కిందా ఉన్న పడవ అడుగు ఒక్కటే.

అక్టోబరులో కార్వార్‌కు బయల్దేరారు. ఆ రాత్రి అన్న వాటాలో సీకాక్ నుంచి గొట్టం ఊడింది. దాన్ని బిగించిన పట్టీ ఎప్పుడో తుప్పుపట్టింది, చూసినవాళ్లు లేరు. నీటిమట్టానికి ఒక అడుగు కింద ఒకటిన్నర అంగుళాల కంత పడితే చాలు, నిమిషానికి వంద లీటర్లకు పైనే లోపలికి వస్తాయి. తమ్ముడు చేతిపంపు అందుకున్నాడు. కాసేపటికే అది మొరాయించింది. డబ్బాల మీది కాగితం లేబుళ్లు నాని, గుజ్జయి, పంపు మూతికి అడ్డుపడ్డాయి.

"చెక్క బిరడాలు కొన్నానురా, ఇక్కడే ఎక్కడో ఉన్నాయి" అన్నాడు అన్న, చీకట్లో తడుముకుంటూ. "నీ దగ్గరేమైనా ఉన్నాయా?"

"నేనేమీ కొనలేదు అన్నయ్యా."

ఈ కథలో అన్నను తప్పుపట్టి ఊరుకోవడం నాకిష్టం లేదు. అద్దంలాంటి అరలున్నవాడి దగ్గర అక్కరకొచ్చే వస్తువు ఒక్కటీ లేదు. అన్నీ ఉన్నవాడికి ఒక్కటీ చేతికి అందలేదు.

అన్న పెట్టెలు లాగుతుంటే తమ్ముడు అందుకుని తన ఖాళీ అరల్లోకి తోశాడు. ఆ అరలే లేకపోతే సామానంతా నడవలో పడి ఉన్న దారీ మూసుకుపోయేది. నీళ్లు నేలపలకలు దాటి మడమలు ముంచుతుండగా అన్న చేతికి సీకాక్ పిడి దొరికింది. తిప్పి మూశాడు.

కార్వార్‌లో సామానంతా డెక్ మీద పరిచారు. బిరడాలు తండ్రి తెరచాప మడతల్లో దొరికాయి. తెరచాపను బస్సులో ఇంటికి పంపేశారు. ఏది ఎవరిదన్న లెక్క వదిలేసి, ఏది ఎప్పుడు కావాలన్న లెక్కతో మళ్లీ సర్దారు. బరువైనవి కిందికి, పడవ నడుము దగ్గరికి చేర్చారు; ముక్కు దగ్గర బరువు పెడితే పడవ ప్రతి అలకీ కుంగి లేస్తుంది. అట్టపెట్టెలు ఒడ్డునే వదిలారు. డబ్బాల లేబుళ్లు పీకి, పేర్లు రంగుతో రాశారు. ప్రతి సీకాక్ పక్కనా ఒక బిరడాను దారంతో కట్టారు. పడవ ఒరిగినా తెరుచుకోని గడియలు తలుపులకు పెట్టారు. ఏ అరలో ఏముందో నోటుపుస్తకంలో రాసి మెట్ల దగ్గర వేలాడదీశారు. ఒక అరను మాత్రం ఇద్దరూ ఒప్పుకునే ఖాళీగా ఉంచారు.

నీతి: దాచుకున్నది చీకట్లో, ఒరిగిన పడవలో, ఒక్క చేత్తో అందితేనే అది మన దగ్గర ఉన్నట్టు.

ఇది చిన్న పడవలకు వట్టి నీతివాక్యం కాదు, ప్రాణం దీని మీదే నిలుస్తుంది. బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల సుహైలీలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి ఒంటరిగా బయల్దేరి, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. 312 రోజుల తిండి, నీళ్లు, పనిముట్లు అన్నీ ఆ చిన్న పడవలోనే. దారిలో ట్యాంకుల్లోని మంచినీళ్లు పాడైపోతే వాననీళ్లు పట్టుకుని గడిపాడు. ఈ ఒక్క సంగతి చాలు, నీళ్లను ఒకేచోట నిల్వ చేయకూడదని చెప్పడానికి. ఒక ట్యాంకు, దానికి వేరుగా నాలుగు క్యాన్లు ఉండటం మేలు. రెండూ చేయి చాపితే అందాలి.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. 2017 సెప్టెంబరు 10న భూమిని చుట్టి రావడానికి గోవా నుంచి బయల్దేరిన నౌకాదళపు తెరచాప పడవ తారిణిలోని ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. న్యూజీలాండ్‌లోని లిటిల్టన్ వదిలాక దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టి ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ చేరేదాకా వాళ్లు ఇంకే రేవులోనూ ఆగలేదు. 2018 మే 21న అందరూ క్షేమంగా గోవా చేరారు. తారిణి సుమారు 56 అడుగులది, మన కథలోని పడవకు రెట్టింపు. అయినా అందులో ఆరుగురు ఉండాలి, ఆరుగురి తడిబట్టలు ఆరాలి.

కొత్తగా చిన్న పడవ కొన్నవాళ్లు వడ్రంగిని పిలవక ముందే ప్రతి అరనూ ఖాళీ చేసి, కడిగి, రెండు వానలు చూడండి. ఎక్కడ చెమ్మ చేరుతుందో, ఏ గొట్టం ఎటు పోతుందో తెలిశాక బలపంతో గీతలు గీసి, అప్పుడు పెట్టెలు కొట్టించండి. సీకాక్‌ల ముందు మాత్రం ఏమీ కొట్టించకండి.