కోరని పాట

నవవిధ భక్తులలో శ్రవణమును ప్రహ్లాదుడు ముందుగా పేర్కొనెను. వేదాంతులును మనన నిదిధ్యాసనములకు శ్రవణమునే పునాది గావించిరి. అయినను, మనకు పూర్వమే ప్రియమైన గీతమును మనమే ఎన్నుకొని మాటిమాటికి వినుట నిజముగా శ్రవణమగునా, లేక మన అహంకారము తన రుచిని తానే చవిచూచుకొనుట మాత్రమా యను సంశయము నన్ను చిరకాలముగా వెన్నాడుచున్నది.

1908 నాటి మూసీ వరదల పిమ్మట నూతనరూపము దాల్చిన హైదరాబాదు పత్తర్‌గట్టిలో, రాతి కమానుల క్రింద ముత్యపు సరములను వేళ్లపై పరచి చూపు వర్తకుని ప్రక్కగా పోవు బాటసారి, మొహర్రము దినములలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానానుండి వెలువడు శోకగీతమైన మర్సియాను, తాను కోరకయే, దాని భాష తెలియకయే, ఆలకించి నిలిచిపోవును. ఆ నిలుపు వాని ప్రయత్నఫలము కాదు. దానిని అనుగ్రహమనుటకే నాకు మనసొప్పును.

వ్యాపారము మ్రింగనంతవరకు రేడియోలోను ఈ అనుగ్రహమునకు తావున్నది. జహీరాబాదు చెంత మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండన వెలసిన సంఘం రేడియోను దళిత స్త్రీలే నడుపుదురు; విత్తునపుడును కలుపుతీయునపుడును పాడుకొను, ఏ విపణియు అడుగని పదములకు అది ఆశ్రయము. శ్రోత కోరినది గాక, పొరుగు స్త్రీ ఇచ్చినది చెవినిబడును. ఆమెయు ఎన్నుకొన్నదే గదా యందురేమో; నిజమే, కాని ఆ ఎన్నికలో నా అహమునకు పాలులేదు.

భక్తిగీత శ్రవణమైన సమాకు కాలము, స్థలము, సహచరులు మూడును కుదురవలెనని బాగ్దాదు జునైదు చెప్పినట్లు సూఫీలు తలతురు. ఎవరి ఇంట వారు కూర్చుండి రేడియోలో ఒకే పాటను వినువారు సహచరులగుదురా? అగుదురనియే నా విశ్వాసము. ఏలన, పగలు ప్రక్కసాలున వంగి కలుపుతీసిన ఆమె గొంతునే రాత్రి తన గడపలో విన్నదానికి, ఆ సాంగత్యము తెగినదనుట పొసగదు.