కడుపులోని బిడ్డ, తల్లి మనసు: బాధ్యత ఎవరిది?

కొద్దికాలం క్రితం ఒక సోదరి నుంచి మాకు ఉత్తరం వచ్చింది. ఆమె కుమారునికి మూడేళ్ళు నిండాయి. ఇంకా సరిగా మాటలు రాలేదు. గర్భంతో ఉన్న రోజుల్లో ఆమె ఎప్పుడూ దిగులుగా ఉండేదట. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడుపు వచ్చేది. "కడుపుతో ఉండి ఏడ్చావు, అందుకే పిల్లవాడు ఇలా అయ్యాడు" అని ఇప్పుడు అత్తగారు, ఆడబిడ్డలు అంటున్నారు. ఉత్తరం చివర ఆమె అడిగింది ఒక్కటే: "మౌలానా సాబ్! నేను నా బిడ్డకు అన్యాయం చేశానా? రేపు ప్రళయదినాన అల్లాహ్ నన్ను దీని గురించి నిలదీస్తాడా?"

ఈ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు రాసి పంపవచ్చు. కాని ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. అందుకే పాఠకులందరి ముందు ఉంచుతున్నాము.

ముందుగా వైద్యశాస్త్రం ఏమి చెబుతున్నదో చూద్దాం. ఇంగ్లాండులోని బ్రిస్టల్ ప్రాంతంలో 1991-92 సంవత్సరాల్లో 14 వేలకు పైగా గర్భిణులను ఒక అధ్యయనంలో చేర్చుకొని, వారి పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. గర్భం చివరి నెలల్లో తీవ్రమైన ఆందోళనకు గురైన తల్లుల పిల్లల్లో, నాలుగేళ్ళ వయసుకు ప్రవర్తనా సమస్యలు ఇతరులకన్నా ఇంచుమించు రెండింతలు కనిపించాయి. సింగపూర్‌లో 2009లో మొదలైన మరో అధ్యయనంలో చైనా, మలయ్, భారతీయ సంతతి తల్లులు పాల్గొన్నారు. గర్భకాలంలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా ఉన్న తల్లుల నవజాత శిశువులకు స్కానింగ్ చేస్తే, మెదడులో భయం వంటి భావాలతో సంబంధమున్న అమిగ్డాలా అనే భాగపు సూక్ష్మ నిర్మాణంలో తేడా కనిపించింది.

ఇది ఎలా జరుగుతుంది? మనిషి ఒత్తిడికి గురైనప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. తల్లికీ బిడ్డకూ మధ్యనున్న మాయలో ఒక ఎంజైము ఉంటుంది. అది ఈ హార్మోనులో చాలా భాగాన్ని నిర్వీర్యం చేసి బిడ్డను కాపాడుతుంది. మాతృగర్భాన్ని దివ్యఖుర్ఆన్ సురక్షితమైన నెలవుగా పేర్కొన్నది (అల్ మోమినూన్: 13). ఆ రక్షణ ఏర్పాట్లలో ఇదొకటని మనం అర్థం చేసుకోవచ్చు. అయితే తల్లి తీవ్రమైన ఆందోళనలో ఉంటే ఈ ఎంజైము పని మందగించవచ్చని పరిశోధకులు గమనించారు.

ఇక్కడ ఒక విషయం మరచిపోకూడదు. రెండింతలు అన్నంత మాత్రాన ప్రతి బిడ్డకూ కీడు జరుగుతుందని కాదు. ఆందోళనకు గురైన తల్లుల పిల్లల్లోనూ అత్యధికులు ఏ ఇబ్బందీ లేకుండానే పెరిగారు. మాటలు ఆలస్యం కావడానికి వినికిడి లోపం మొదలుకొని ఎన్నో కారణాలుంటాయి. ఫలానా బిడ్డ ఫలానా కన్నీటి వల్లే ఇలా అయ్యాడని ఏ డాక్టరూ చెప్పలేడు. అలాంటప్పుడు ఇంట్లో వాళ్ళు అంత ధీమాగా ఎలా చెబుతున్నారు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒకవేళ తల్లి దిగులు బిడ్డపై ప్రభావం చూపిందనే అనుకుందాం. అయితే ఆమె అపరాధి అవుతుందా?

కారణం వేరు, అపరాధం వేరు. ఈ తేడా గ్రహించకపోవడం వల్లే ఎంతో అన్యాయం జరుగుతోంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1998 జనవరిలో భయంకరమైన మంచు తుఫాను వచ్చింది. లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. కొన్ని ఇళ్ళు అయిదు వారాలకు పైగా ఎముకలు కొరికే చలిలో, చీకట్లో ఉండిపోయాయి. ఆ రోజుల్లో గర్భంతో ఉన్న స్త్రీల పిల్లలను పరిశోధకులు చాలా ఏళ్ళు గమనించారు. తల్లి ఎంత భయపడిందనేది ఒక లెక్క, ఆమెపై ఎంత కష్టం వచ్చి పడిందనేది మరో లెక్కగా విడివిడిగా చూశారు. పిల్లల తెలివితేటలు, భాష విషయంలో తేడా కనిపించింది ముఖ్యంగా రెండో లెక్కనుబట్టే. ఆ తల్లులు తుఫానును కోరి తెచ్చుకున్నారా? కష్టం వారి శరీరం గుండా బిడ్డను చేరింది, అంతే. దారి అయినంత మాత్రాన దోషి కారు.

అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం మోపడు (అల్ బఖర: 286). దిగులు మనిషి ఎంచుకునేది కాదు, వచ్చి పడేది. హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) జబ్బుపడినప్పుడు పరామర్శించడానికి వెళ్ళిన మహాప్రవక్త (సఅసం) కన్నీరు పెట్టుకున్నారు. కంటి నీటికిగాని, హృదయ విచారానికిగాని అల్లాహ్ శిక్షించడని, శిక్ష అయినా కారుణ్యమయినా దీని మూలంగానే అని తమ నాలుకను చూపించారు (బుఖారీ, ముస్లిం). సందర్భం శోకానిదే. కాని ఆ సోదరి ఇంటికి కూడా ఇందులో పాఠం ఉంది. ఆమె కన్నీటికి లెక్క లేదు. ఆమెను పొడిచే నాలుకలకు లెక్క ఉంది.

"ఈమాన్ బలంగా ఉంటే దిగులెందుకు?" అని కొందరు అంటారు. యూసుఫ్ (అలైహి) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ ప్రవక్త (అలైహి) కళ్ళు తెల్లబడిపోయాయి. ఆయన ఈమాన్‌ను ఎవరైనా శంకించగలరా? ప్రసవ వేదన పడుతున్న హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) తాను ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని అన్నారు. దానికి అల్లాహ్ వైపు నుంచి మందలింపు రాలేదు. విచారించవద్దన్న ఓదార్పు వచ్చింది. పాదాల దగ్గర సెలయేరు, చేతికందే తాజా ఖర్జూరాలు వచ్చాయి. తిని, తాగి, కళ్ళు చల్లబరచుకోమన్న మాట వచ్చింది (మర్యమ్: 23-26). మన ఇళ్ళలో గర్భిణి ఏడిస్తే ముందుగా ఏమి వస్తుంది? మంచినీళ్ళా, మాటలా?

దైవప్రవక్త (సఅసం) నమాజు సుదీర్ఘంగా చేయించాలనుకొని కూడా, పసిబిడ్డ ఏడుపు వినబడితే దాన్ని కుదించేవారు. ఆ ఏడుపుకు తల్లి ఎంత తల్లడిల్లుతుందో ఆయనకు తెలుసు (బుఖారీ, ముస్లిం). తల్లి మనసు కోసం నమాజునే తగ్గించిన ధర్మం మనది. ఆమె కోసం ఇంటి పని తగ్గించలేమా?

మరో మాట కూడా చెప్పాలి. "బిడ్డ మెదడు బాగుండాలి కాబట్టి కోడల్ని సంతోషంగా ఉంచండి" అంటే చాలామంది వింటారు. మంచిదే. కాని అది సగం న్యాయమే. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటుకు గురైన గర్భిణుల ఇళ్ళకు పంపారు. కూర్చొని మాట్లాడటం, ఆలోచనలను సరిదిద్దడం, ఇంటివారిని కలుపుకోవడం - ఇదే వైద్యం. 2008లో వెల్లడైన ఫలితాల ప్రకారం, ప్రసవమైన ఆరు నెలలకు ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. అందనివారిలో అది 53 శాతం. పిల్లలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు సక్రమంగా పడ్డాయి. అయితే ఆ పిల్లలకు ఏడేళ్ళు వచ్చాక పరీక్షిస్తే, ఇరు వర్గాల పిల్లల తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి ఆ శ్రమంతా వృథాయేనా? కాదు. ఆ తల్లులు కోలుకున్నారు. వారూ అల్లాహ్ దాసులే. బిడ్డ మూలంగా తల్లికి హాని కలిగించరాదని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అల్ బఖర: 233). ఈ ఆయతు పాలు పట్టడానికి, పోషణకు సంబంధించినదే. కాని అందులోని న్యాయం విశాలమైనది. తల్లి బిడ్డను మోసే పాత్ర మాత్రమే కాదు, హక్కులున్న మనిషి. బిడ్డకు లాభం ఉన్నా లేకున్నా ఆమె ఊరట ఆమె హక్కు.

అందువల్ల భర్తలకు మా విన్నపం: భార్య రెండు వారాలకు పైగా దిగులుగా ఉన్నా, తిండీ నిద్రా తగ్గినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా ఆలస్యం చేయకండి. దుఆ, జిక్ర్ చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్ళండి. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (సఅసం) ఆజ్ఞే. వాడుతున్న మందులను మీ అంతట మీరు మాన్పించకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా సలహా ఇస్తారు. అత్తలారా! మీరూ ఒకప్పుడు ఆ బరువు మోసినవారే. ఆడపిల్ల పుడితే ఏమంటామో అన్న భయం మీ కోడలి గుండెలో ఉంటే, దాన్ని తీసేయగలిగేది మీరే.

ఇక ఆ సోదరికి మా జవాబు: అమ్మా! మీరు ఏ అన్యాయమూ చేయలేదు. మీకు జబ్బు చేసింది, ఎవరూ గుర్తించలేదు. జవాబు చెప్పుకోవలసింది చేతనయ్యీ సాయం చేయనివారు. బాబుకు వినికిడి పరీక్ష చేయించండి, పిల్లల డాక్టరుకు చూపించండి. రోజూ వాడితో మాట్లాడండి. ఈ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, కారుణ్య ద్వారాలు మూసుకుపోలేదు. మీ దిగులు ఇంకా తీరకపోతే మీరూ వైద్యం చేయించుకోండి.

మూసా ప్రవక్త (అలైహి) తల్లి హృదయం దుఃఖంతో శూన్యమైపోయినప్పుడు దానికి స్థైర్యమిచ్చి, ఆమె కళ్ళు చల్లబడేలా బిడ్డను తిరిగి ఒడికి చేర్చిన అల్లాహ్, మన తల్లులందరి హృదయాలకూ ఊరట ప్రసాదించుగాక! వారిని నొప్పించకుండా మన నాలుకలను కాపాడుగాక! ఆమీన్.