నీడలో పెట్టిన దుంగ

షిటాకే పుట్టగొడుగుల కోసం ఓక్ చెట్టును ఆకులు రాలిపోయాక, మళ్లీ చిగురు వేయకముందు కొడతారు. ఆ రోజుల్లో చెట్టు తన చక్కెరను మానులో దాచుకుని ఉంటుంది. బెరడు కలపను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. నాలుగు నుంచి ఆరు అంగుళాల లావున్న కొమ్మల్ని మూడు నాలుగు అడుగుల దుంగలుగా కోసి, చుట్టూ వరసలుగా అంగుళం లోతు రంధ్రాలు వేస్తారు. పుట్టగొడుగు పోగులు పట్టించిన చిన్న చిన్న చెక్క గూటాల్ని సుత్తితో వాటిలో దిగ్గొట్టి, పైన కరిగించిన మైనం పూస్తారు. పాలలో తోడు వేయడం లాంటి పనే, ఒక పూటలో అయిపోతుంది. కానీ ఇది తోడుకోవడానికి ఒక రాత్రి చాలదు. ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాదిన్నర కూడా పట్టవచ్చు.

నాకు కోతకన్నా ఆ మధ్యకాలమే విలువైనదిగా తోస్తుంది. బయటికి ఏ మార్పూ కనబడదు. లోపల మాత్రం సన్నటి తెల్లటి పోగులు కలపలోకి దారి చేసుకుంటూ ఉంటాయి. కలపకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను అరిగించుకోగల ప్రాణులు భూమ్మీద చాలా తక్కువ. షిటాకే వాటిలో ఒకటి. ఆ పని జరుగుతున్నంత కాలం మన వంతు రెండే: దుంగకు ఎండ తగలనివ్వకూడదు, లోపలి తడి ఆరనివ్వకూడదు. వాన పడని వారాల్లో నీళ్లు పెట్టాలి. లోపల ఏమవుతోందోనని బెరడు ఒలిచి చూడకూడదు. బెరడు ఊడితే తడి నిలవదు, ఆ దుంగ పని దాదాపు అయిపోయినట్టే. కొన్నాళ్లకు కోసిన అంచుల్లో తెల్లటి మచ్చలు తేలతాయి. అంతవరకూ నమ్మకంతో నీళ్లు పోయాల్సిందే.

చెయ్యాల్సింది చేసేశాక చేతులు కట్టుకుని కనిపెట్టుకు కూర్చోవడం మనకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు. ఫలితం కోసం ఇంకేదో చేస్తూ ఉండాలన్న ఆరాటం ఒకవైపు, కనబడటం లేదు కాబట్టి మరిచిపోవడం ఇంకొకవైపు. ఈ రెంటికీ మధ్యనున్న చోటును నేను పెరట్లో, దుంగల దగ్గర కొంచెం కొంచెంగా తెలుసుకుంటున్నాను.

జపాన్ రైతులకు ఈ ఎదురుచూపు ఇంకా కఠినంగా ఉండేది. ఎడో కాలంలో వాళ్లు దుంగల మీద కత్తితో గంట్లు పెట్టి, గాలిలో వచ్చే బీజాలు వాటిలో పడాలని కోరుకునేవారు. పడితే పంట, లేకపోతే అప్పు. 20వ శతాబ్దం తొలి దశకాల్లోనూ ఓయితా ప్రాంతంలో దుంగల ముందు చేతులు జోడించి వేడుకునే రైతులుండేవారు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ దృశ్యం చూసి చలించిన కిసాకు మోరి, శుద్ధంగా పెంచిన పోగుల్ని చెక్క గూటాలకు పట్టించే పద్ధతిని 1942లో సాధించాడు. ఇవాళ మన చేతిలో ఉన్న గూటానికి మూలం అదే. దానితో ఆ రైతుల దిగులు తీరింది, ఎదురుచూపు మాత్రం మిగిలింది.

అదే ఓయితాలోని కునిసాకి ద్వీపకల్పాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడ కునుగి అనే ఓక్ జాతి చెట్టును కొడితే మోడు నుంచే మళ్లీ చిగురు లేస్తుంది. సుమారు 15 ఏళ్లకు అది మళ్లీ కోతకు వస్తుంది. పని తీరిన దుంగలు ఆ అడవిలోనే మట్టవుతాయి. ఆ మట్టి వాన నీటిని పట్టి ఉంచుతుంది, కింద గొలుసుగా ఉన్న చెరువులు నిండుతాయి, వాటితో వరి పండుతుంది. పాతికేళ్ల వయసులో కొట్టిన చెట్టు దగ్గరికి రైతు నలభయ్యో ఏట మళ్లీ వెళతాడు, ఆ తర్వాత యాభై అయిదో ఏట. బతికినన్నాళ్లలో ఒకే మోడుతో మూడు నాలుగు కలయికలు. ఇంత పొడుగాటి లెక్కతో బతికే మనిషి కొమ్మల్ని ఎంత జాగ్రత్తగా కోస్తాడో ఊహించుకోవచ్చు.

పిడుగు పడిన చోట పుట్టగొడుగులు విరగకాస్తాయని జపాన్‌లో పాత నమ్మకం. మన పల్లెల్లోనూ ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయంటారు. ఇవాతే విశ్వవిద్యాలయ పరిశోధకులు దుంగలకు క్షణమాత్రం అధిక వోల్టేజి తగిలించి చూస్తే దిగుబడి నిజంగానే పెరిగింది. మామూలు పెంపకందారుకు అంత అవసరం లేదు. సిద్ధమైన దుంగను ఒక పగలూ రాత్రీ చల్లటి నీళ్లలో నానబెడితే, వారం పది రోజుల్లో బెరడు చీల్చుకుని మొగ్గలు వస్తాయి. కోశాక దుంగకు రెండు నెలల విశ్రాంతి కావాలి. అంగుళం లావుకు ఏడాది చొప్పున దాని ఆయుష్షు. ప్రతి కోతకూ అది తేలికవుతూ పోతుంది. చాలు అన్న మాట ఇక్కడ దుంగే చెబుతుంది. అలా చెప్పేది ఇంట్లో ఒకటైనా ఉండటం మంచిదని నా గట్టి నమ్మకం.

చెక్క పేళ్ల మీద పెంచే వైన్ క్యాప్ రకం ఇంత బెట్టు చేయదు. కూరగాయల మడుల మధ్య అర అడుగు మందాన పేళ్లు పరిచి, మధ్యలో స్పాన్ (పోగులు పట్టించిన విత్తనం) కలిపి, తడిపి వదిలేస్తే చాలు. ఏటా కొత్త పేళ్లు వేస్తుంటే అది కొనసాగుతుంది, పాతవి మట్టికి బలమవుతాయి. కానీ అదే పేళ్ల మీద గాలెరినా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగు తనంతట తానే రావచ్చు. అది కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. కాగితం మీద టోపీ బోర్లించి రాత్రంతా ఉంచితే వైన్ క్యాప్ ముదురు ఊదా నలుపు పొడి రాలుస్తుంది, గాలెరినా తుప్పు రంగు పొడి. పొడి ఒక్కటే చూసి నిర్ణయించకండి. అనుభవమున్నవారికి చూపించండి, అనుమానం మిగిలితే తినకండి. షిటాకేను కూడా బాగా ఉడికించే తినాలి. పచ్చిగా తింటే కొందరికి ఒంటి మీద కొరడా దెబ్బల్లాంటి దద్దుర్లు లేస్తాయి.

ఆంధ్ర, తెలంగాణ మైదానాల ఎండలకు షిటాకే దుంగ సరిపడదు. అక్కడ వరిగడ్డి మీద ఆయిస్టర్ రకం, ఎండాకాలంలో పాల పుట్టగొడుగు హాయిగా వస్తాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లాంటి చల్లటి చోట్ల ఉంటున్న తెలుగువారికి మాత్రం నాదొక మనవి. ఈ చలికాలం మీ వీధిలో ఎవరైనా ఓక్ కొమ్మలు కొట్టిస్తుంటే ఒక్క దుంగ అడిగి తెచ్చుకోండి. రెండు మూడు వారాల్లోపే గూటాలు దిగ్గొట్టండి. ఆలస్యమైతే వేరే బూజులు ముందుగా చేరిపోతాయి.