చరిత్ర వచనమునకు లక్కమ్మ కొలత



చరిత్రమును వచన కవితగా వ్రాయగోరువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరి చరిత్రము వ్రాయవలెను? ఎంత వ్రాయవలెను? ఈ రెంటికిని శరణుల జీవితమే సమాధానము.

12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరునితో కూడి వచనములు పలికినవారు బట్టలుతికిన మడివాళ మాచయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య వంటి కాయకజీవులు. ఛందస్సు నేర్వనివారికిని వచనము నోరిచ్చినది. పాల్కురికి సోమనాథుడు అట్టివారి కథలనే దేశి ద్విపదలో బసవపురాణముగా రచించెను. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు వాస్తవ్యుడును, 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనవాడును అగు సురవరం ప్రతాపరెడ్డి, ఆ సోమనాథుని కృతులలో నాటి ప్రజల వేషములను, ఆటపాటలను వెదకి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో పొందుపరచెను. నాగర్‌కర్నూలున నివసించిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) పాలమూరు స్థలచరిత్రలను ప్రోగుచేసెను. కుందుర్తి ఆంజనేయులు ‘తెలంగాణ’ (1956)లో రైతుల పోరాటమునే వచనకావ్యముగా మలచెను. కావున మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టము: శ్రమించినవారి చరిత్రమే వ్రాయవలెను.

ఇక ఎంత వ్రాయవలెను? ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ మెచ్చుకొనలేదు. మిగులు గింజలను తెచ్చినచోటనే పోసి రమ్మనెను.

చరిత్ర వ్రాయు కవికి ఇదియే కొలత. పద్యకవి గణములు నిండుటకు ఒక పదము చేర్చిన పాదపూరణమని మన్నింతురు. వచనకవికి ఆ సాకు లేదు. అతడు చేర్చిన ప్రతి కల్పనయు తెలిసి చేర్చినదే. ఆ కల్పనను రేపు బాలురు సత్యమని నమ్మి చదువుదురు.

18వ శతాబ్ది ఆరంభమున సోమనాద్రి కట్టించిన గద్వాల కోటను వర్ణింపవచ్చును. రాజు పేరు దొరకును. రాయి మోసినవాని పేరు దొరకదు. దొరకని పేరును కల్పింపరాదు. అట్లని ఆ మనిషిని విడువరాదు. “పేరు తెలియదు, రాయి మాత్రము నిలిచినది” అని వ్రాసిన చాలును. అది సత్యము, సత్యమగుటచేతనే కవిత్వము.

దొరికిన గింజను ఏరుడు. మిగులును వదలుడు. వ్రాతయు కాయకమే; అందును నిజాయితీయే లింగపూజ.